18446744073709551615: తరచుగా అడిగే ప్రశ్నలు

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? ఆ లెక్కకు జవాబు ఈ 20 అంకెల సంఖ్య. బళ్ళో ఈ కథ చెప్పి, సంఖ్య ఎంత పెద్దదో చూపించి, అక్కడితో వదిలేస్తుంటారు. నాకు మాత్రం దీని పెద్దతనం కన్నా లోపలి కట్టడం మీద ఎక్కువ ఇష్టం. ఇంత పెద్ద సంఖ్యను కాగితం, పెన్ను పట్టుకుని ముక్క ముక్కగా విప్పి చూడొచ్చు. కింద ఉన్న లెక్కల్లో చాలావాటిని మీరే చేసి సరిచూసుకోవచ్చు. దయచేసి చూసుకోండి, అందులోనే ఉంది ఆనందమంతా.

దీన్ని తెలుగులో ఎలా చదవాలి?

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. కోటి దాటిన స్థానాలకు పాత పేర్లు ఉన్నాయి కానీ ఇప్పుడు ఎవరూ వాడరు. అందుకని కోట్లనే మళ్ళీ కోట్లతో లెక్కపెట్టుకోవడం తేలిక. 1,84,467 కోట్ల కోట్లు, 44,07,370 కోట్లు, ఆపైన 95,51,615. ఇలా మూడు ముక్కలుగా చదివితే గుర్తుపెట్టుకోవడం కూడా సులువే.

గింజల కథ నిజంగా జరిగిందా?

కథ కథే. చదరంగం కనిపెట్టిన సిస్సా అనే పండితుడు రాజును ఈ బహుమతి అడిగాడని 13వ శతాబ్దపు అరబ్బీ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ రాశాడు. లెక్క మాత్రం అంతకంటే పాతది. క్రీ.శ. 1000 ప్రాంతంలోనే అల్ బెరూనీ అనే పండితుడు ఈ మొత్తాన్ని చివరి అంకె దాకా లెక్కగట్టాడు. గింజలు గోధుమలా, వడ్లా, బియ్యమా అన్నది చెప్పే ఊరిని బట్టి మారుతుంది. సంఖ్య మారదు.

2⁶⁴ అనకుండా 2⁶⁴ − 1 అంటారెందుకు? ఆ ఒక్కటి ఎక్కడ తగ్గింది?

మొదటి గడి నుంచే చూడండి. 1. రెండు గళ్ళు కలిపితే 1 + 2 = 3. మూడు గళ్ళు కలిపితే 7. నాలుగు కలిపితే 15. ప్రతిసారీ మొత్తం, తర్వాతి గడిలో పెట్టబోయే గింజల కన్నా సరిగ్గా ఒకటి తక్కువ.

కారణం ఇది. మీ దగ్గర అదనంగా ఒక గింజ ఉందనుకోండి. దాన్ని మొదటి గడిలోని గింజతో కలిపితే 2. అవి, రెండో గడిలోని 2 కలిపితే 4. ఆ 4, మూడో గడిలోని 4 కలిపితే 8. అలా కలుపుకుంటూ చివరిదాకా వెళ్తే సరిగ్గా 2⁶⁴ వస్తుంది. అదనంగా తెచ్చిన ఆ ఒక్క గింజా తీసేస్తే 2⁶⁴ − 1.

దీనివల్ల తేలే సంగతి ఇంకొకటి ఉంది. ఏ గడి తీసుకున్నా, దానికి ముందున్న గళ్ళన్నిటిలో కలిపి ఉన్న గింజల కన్నా ఆ గడిలో ఒకటి ఎక్కువ ఉంటుంది. 64వ గడి ఒక్కటే మిగతా 63 గళ్ళనూ మించిపోతుంది.

క్యాలిక్యులేటర్ లేకుండా దీన్ని లెక్కగట్టగలమా?

గట్టగలం. 64 సార్లు రెట్టింపు చేయక్కర్లేదు, ఆరు సార్లు వర్గం చేస్తే చాలు. ఎందుకంటే 64 అనేది 2ను ఆరు సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య.

2, 4, 16, 256, 65536, 4294967296. ఇక్కడికి ఐదు వర్గాలు అయ్యాయి. మిగిలింది ఒక్కటే, 4294967296 వర్గం. దాన్ని 42949, 67296 అని రెండు ముక్కలు చేసుకుందాం. అంటే 42949 లక్షలు, పైన 67296.

మొదటి ముక్క వర్గం: 42949 × 42949 = 1844616601.
రెండు ముక్కల లబ్ధానికి రెట్టింపు: 2 × 42949 × 67296 = 5780591808.
రెండో ముక్క వర్గం: 67296 × 67296 = 4528751616.

మొదటిదానికి పది సున్నాలు, రెండోదానికి ఐదు సున్నాలు చేర్చి, మూడోది ఉన్నదున్నట్టు రాసి కూడితే 18446744073709551616 వస్తుంది. ఒకటి తీసేయండి. ఓపిగ్గా చేస్తే ఒక పేజీలో అయిపోయే పని. పదో తరగతి పిల్లలతో ఒకసారి చేయించి చూడండి, ఘాతాంకాల పాఠం మళ్ళీ చెప్పే పని ఉండదు.

చేసింది సరైందో కాదో ఎలా తెలుస్తుంది?

ముందు ఆఖరి అంకె చూడండి. 2 ఘాతాల ఆఖరి అంకెలు 2, 4, 8, 6 వరసలో తిరుగుతుంటాయి. 64 నాలుగు గుణిజం కాబట్టి 2⁶⁴ ఆఖరి అంకె 6. ఒకటి తీస్తే 5. సరిపోయింది.

తర్వాత అంకెలన్నీ కూడండి. 87 వస్తుంది. 8 + 7 = 15, 1 + 5 = 6. అంటే ఈ సంఖ్యను 9తో భాగిస్తే 6 మిగలాలి. ఇటువైపు నుంచి చూస్తే, 2 ఘాతాలను 9తో భాగించినప్పుడు మిగిలే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొకసారి తిరుగుతాయి. 64ను 6తో భాగిస్తే శేషం 4, వరసలో నాలుగోది 7. అందులోంచి ఒకటి తీస్తే 6. రెండు దారులూ ఒక్కచోటే కలిశాయి. ఈ పరీక్ష నెగ్గినా ఎక్కడో పొరపాటు ఉండే అవకాశం కొంత మిగులుతుంది, కానీ గుణకారంలో దొర్లే మామూలు తప్పుల్లో చాలావాటిని ఇది పట్టేస్తుంది.

ఈ సంఖ్య తెలుగు పద్యంలో ఉందంటారు, నిజమేనా?

ఉంది. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరుతో చెప్పుకునే చంపకమాల అది. సంఖ్య ఉన్న భాగం ఇంతవరకు:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు

ఇందులో ప్రతి మాటా ఒక అంకె. పూర్వం లెక్కల్నీ, జ్యోతిషాన్నీ ఛందస్సులో ఇమడ్చడానికి ఈ పద్ధతి వాడేవాళ్ళు. మన్మథుడి బాణాలు ఐదు గనక శర అంటే 5. చంద్రుడు ఒక్కడే, శశి 1. షట్క 6. చంద్ర మళ్ళీ 1. శర 5, సాయక కూడా బాణమే, 5. శరీరానికి నవరంధ్రాలు, రంధ్ర 9. వియత్ అంటే ఆకాశం, శూన్యం, 0. నగ అంటే కొండ, కులపర్వతాలు ఏడు, 7. అగ్ని 3, త్రేతాగ్నులు. భూధర మళ్ళీ కొండే, 7. గగన 0. అబ్ధి అంటే సముద్రం, ఈ పద్ధతిలో దానికి 4. వేద 4. గిరి 7. తర్క 6. పయోనిధి 4. పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు, 4. కుంజర 8, దిగ్గజాలు ఎనిమిది. తుహినాంశు అంటే చంద్రుడు, 1.

వరసగా రాస్తే 5 1 6 1 5 5 9 0 7 3 7 0 4 4 7 6 4 4 8 1. ఈ పద్ధతిలో అంకెలు ఒకట్ల స్థానం నుంచి ఎడమవైపుకు నడుస్తాయి కాబట్టి తిరగేసి చదవాలి. 18446744073709551615. ఇరవైకి ఇరవై అంకెలూ సరిగ్గా ఉన్నాయి.

నన్ను ఆకట్టుకునేది ఏంటంటే, కవి గణాలు, యతి, ప్రాస ఏదీ వదల్లేదు. మొదటి పాదంలో శకారానికి సాయకలోని సాకారం యతి, రెండో పాదంలో ధకారానికి తర్కలోని తకారం. ప్రాస రకారం. బాణం కావలసిన చోట ఒకసారి శర, ఇంకోసారి సాయక. కొండ కావలసినప్పుడు నగ, భూధర, గిరి. గణానికి ఏ మాట సరిపోతే ఆ మాట. రాతప్రతుల్లో అంకెలు చెదిరిపోవడం తేలిక, పద్యంలో ఒక మాట మారితే నడక చెడి దొరికిపోతుంది. ఇంత పెద్ద సంఖ్యను తరాల తరబడి చెడకుండా కాపాడుకోవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తోచదు.

ఇన్ని గింజలంటే ఎన్ని బస్తాలు?

గ్రాముకు 50 బియ్యపు గింజలు తూగుతాయని అనుకుందాం. రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, అంచనాకు ఇది చాలు.

మొదటి వరస ఎనిమిది గళ్ళకు 255 గింజలు, ఐదు గ్రాములు. రెండు వరసలు నిండితే 65,535 గింజలు, కిలో 300 గ్రాములు. రాజుకు ఇంకా నవ్వులాటగానే ఉంటుంది. మూడు వరసలకు 1,67,77,215 గింజలు, 25 కిలోల బస్తాలు పదమూడు పైన. సగం బల్ల నిండేసరికి 86 టన్నులు. ఇక్కడిదాకా ఒక మోతుబరి రైతు కూడా తట్టుకోగలడు. ఐదో వరసతో 22 వేల టన్నులు. ఆరుతో 56 లక్షల టన్నులు. ఏడుతో 144 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండించే బియ్యం సుమారు 52 కోట్ల టన్నులు కాబట్టి, ఇది మూడేళ్ళ పంటకు దగ్గర. ఆఖరి వరస కూడా నిండితే 36,893 కోట్ల టన్నులు. అంటే 700 ఏళ్ళ పంట. 800 కోట్ల మందికి పంచితే తలకు 46 టన్నులు, బస్తాల్లో చెప్పాలంటే 1,845.

దీని కారణాంకాలు ఏవి?

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడూ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండోసారి రాలేదు.

ఇరవై అంకెల సంఖ్యను విడగొట్టడం మామూలుగా చాలా కష్టం. దీనికి మాత్రం ఎనిమిదో తరగతి సూత్రం సరిపోతుంది. రెండు వర్గాల భేదం అంటే వాటి మూలాల మొత్తాన్ని భేదంతో గుణించడమే. 2⁶⁴ అనేది 2³² వర్గం, 1 అనేది 1 వర్గం. కాబట్టి

2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1).

ఎడమవైపు ముక్క మళ్ళీ అలాంటిదే. దాన్ని (2¹⁶ − 1)(2¹⁶ + 1) చేయొచ్చు. అలా విడగొట్టుకుంటూ దిగితే చివరికి మిగిలేవి

(2 + 1)(2² + 1)(2⁴ + 1)(2⁸ + 1)(2¹⁶ + 1)(2³² + 1).

అంటే 3, 5, 17, 257, 65537, 4294967297. వీటిని ఫెర్మా సంఖ్యలు అంటారు. మన సంఖ్య మొదటి ఆరు ఫెర్మా సంఖ్యల లబ్ధం. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరోది దగ్గరే అసలు కథ ఉంది.

641 ఎక్కడి నుంచి ఊడిపడింది?

1640లో ఫ్రెంచి గణితవేత్త పియర్ ద ఫెర్మా ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధానాలే అని నమ్మాడు. మొదటి ఐదు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆరోదైన 4294967297ను ఆయన విడగొట్టలేదు. 1732లో లియోన్‌హార్డ్ ఆయిలర్ ఆ సంఖ్యను 641 భాగిస్తుందని చూపించాడు: 641 × 6700417 = 4294967297.

పదంకెల సంఖ్యను ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ కూర్చోలేదు ఆయన. 2³² + 1కి ఏ ప్రధాన కారణాంకం ఉన్నా, అది 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదై ఉండాలన్నది ఆయిలర్ నిరూపించిన నియమం. అప్పుడు చూడాల్సినవి 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641 మాత్రమే. వీటిలో ప్రధానాలు 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నంలో దొరికిపోతుంది.

భాగహారం కూడా చేయకుండా 641 భాగిస్తుందని చూపించే దారి ఇంకొకటుంది. గణితంలో నాకు బాగా నచ్చిన నాలుగు వాక్యాలివి.

641 = 5 × 128 + 1. అంటే 641తో భాగించేటప్పుడు 5 × 2⁷ను −1గా చూడొచ్చు.
రెండు వైపులా నాలుగో ఘాతం చేస్తే, 5⁴ × 2²⁸ను 1గా చూడొచ్చు.
మరోవైపు 641 = 625 + 16, అంటే 5⁴ను −2⁴గా చూడొచ్చు.
రెండూ కలిపితే −2³² అంటే 1, కాబట్టి 2³² + 1 అంటే 0. శేషం లేదు.

641ని ఇటు 5 × 2⁷ + 1గానూ, అటు 5⁴ + 2⁴గానూ రాయగలగడమే ఇందులోని కీలకం.

మిగిలిన 6700417 ప్రధానమేనని తేల్చడం కూడా పెద్ద పనేం కాదు. దాని వర్గమూలం 2588 పైన కొంచెం. అదే నియమం ప్రకారం 641 నుంచి 2561 దాకా 64 చొప్పున పెరిగే 31 సంఖ్యలు చూస్తే చాలు. వాటిలో చాలావరకు ప్రధానాలు కూడా కావు.

దీనికి మొత్తం భాజకాలు ఎన్ని?

128. ఏడు వేర్వేరు ప్రధానాల్లో ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, మానేయొచ్చు. ఏడు సార్లు రెండేసి దారులు, 2⁷ = 128. ఏ ప్రధానమూ రెండోసారి రాలేదు కనుక 1 తప్ప ఏ వర్గ సంఖ్యా దీన్ని భాగించదు.

పాస్కల్ త్రిభుజానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది, అదీ చాలా అందమైన సంబంధం. అంచుల్లో 1లు పెట్టి, పై వరసలో పక్కపక్కనున్న రెండేసి సంఖ్యలను కూడి కింద రాస్తూ పోతే వచ్చేదే పాస్కల్ త్రిభుజం. పింగళుడి ఛందశ్శాస్త్రానికి వ్యాఖ్యానాలు రాసినవాళ్ళు మేరు ప్రస్తారం అన్నది ఈ త్రిభుజాన్నే. శిఖరంలోని 1ని సున్నా వరసగా లెక్కపెట్టి, ప్రతి వరసలోనూ బేసి సంఖ్య ఉన్నచోట 1, సరి సంఖ్య ఉన్నచోట 0 రాయండి. వచ్చినదాన్ని ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 మాత్రమే వాడే పద్ధతిలో చదవండి.

1 → 1, అంటే 1
1 1 → 11, అంటే 3
1 2 1 → 101, అంటే 5
1 3 3 1 → 1111, అంటే 15
1 4 6 4 1 → 10001, అంటే 17
1 5 10 10 5 1 → 110011, అంటే 51
1 6 15 20 15 6 1 → 1010101, అంటే 85
తర్వాతి వరసలో అన్నీ బేసులే → 11111111, అంటే 255

1, 3, 5, 15, 17, 51, 85, 255. మన సంఖ్యకు ఉన్న అతి చిన్న ఎనిమిది భాజకాలు వరస తప్పకుండా ఇవే. తర్వాతి వరస 257 ఇస్తుంది. ఇలా సాగుతూ 63వ వరసకు వెళ్తే అందులో ఉన్న 64 సంఖ్యలూ బేసివే. 64 ఒకట్లు వరసగా ఉంటే అది 2⁶⁴ − 1, సాక్షాత్తూ మన సంఖ్యే. సున్నా నుంచి 63 దాకా ఉన్న 64 వరసలూ దీని 128 భాజకాల్లో సరిగ్గా సగం ఇస్తాయి. మిగతా సగం రాకపోవడానికి కారణం 641. త్రిభుజం 4294967297ను ఒకే ముక్కగా వాడుకుంటుంది, దాన్ని పగలగొట్టదు.

ఇది మెర్సెన్ ప్రధాన సంఖ్యా?

కాదు. 2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యను మెర్సెన్ ప్రధానం అంటారు. అలా ప్రధానం రావాలంటే ముందు ఆ ఘాతాంకం ప్రధానమై ఉండాలి. 64 కాదు. దీనికి దగ్గర్లో ఉన్నది 2⁶¹ − 1, అంటే 2305843009213693951. అది ప్రధానమని 1883లో రష్యాకు చెందిన పెర్వూషిన్ నిరూపించాడు. ఈ సంఖ్యలకు పేరిచ్చిన ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1644లో ఇచ్చిన పట్టికలో 61 లేదు, దాని బదులు 67 ఉంది. 2⁶⁷ − 1 ప్రధానం కాదని తర్వాత తేలింది.

ఇన్ని భుజాలున్న క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయగలమా?

సిద్ధాంతపరంగా కూడా కుదరదు. అడ్డం పడేది మళ్ళీ 641, 6700417 జంటే. 1796లో పద్దెనిమిదేళ్ళ జర్మన్ గణితవేత్త గాస్ 17 భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని కనిపెట్టాడు. బేసి భుజాల బహుభుజిని గీయాలంటే ఆ భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధమై ఉండాలి. ఈ షరతు తప్పనిసరి అని 1837లో వాంట్సెల్ నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధానాలు 3, 5, 17, 257, 65537 మాత్రమే. వీటితో 31 బేసి బహుభుజులు కుదురుతాయి, వాటిలో అన్నిటికన్నా పెద్దదానికి 4294967295 భుజాలు. అది సగం బల్ల మీది గింజల సంఖ్య.

65537 భుజాల బొమ్మ గీసే పద్ధతి మీద హెర్మెస్ అనే జర్మన్ పదేళ్ళు పనిచేశాడు. ఆ రాతప్రతి గట్టింగెన్ విశ్వవిద్యాలయంలో ఉంది.

కాశీలో బంగారు బిళ్ళల కథకూ ఇదే సంఖ్య ఎందుకు వస్తుంది?

1883లో ఫ్రెంచి గణితవేత్త ఎద్వార్ లూకా హనోయ్ టవర్ అనే ఆటవస్తువు తయారుచేశాడు. దాంతోపాటు ఒక కథ ప్రచారంలోకి వచ్చింది. కాశీలోని ఒక ఆలయంలో మూడు వజ్రపు సూదులు, ఒకదానికి 64 బంగారు బిళ్ళలు. పూజారులు ఒక్కో బిళ్ళనే కదుపుతూ, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, మొత్తాన్నీ ఇంకో సూదికి మార్చాలి. అది పూర్తయిన రోజున ప్రపంచం అంతం. ఇది ఆట కోసం అల్లిన కథ. కాశీలో అలాంటి గుడి కోసం వెతకొద్దు.

కదలికల లెక్క మాత్రం గట్టిది. అన్నిటికన్నా అడుగున ఉన్న పెద్ద బిళ్ళ ఒక్కసారే కదులుతుంది. దాని పైది రెండుసార్లు, ఆ పైది నాలుగుసార్లు. అలా పైకి వెళ్తే అన్నిటికన్నా చిన్నది 2⁶³ సార్లు కదులుతుంది. ఒక్కో బిళ్ళ కదలికలు, చదరంగం బల్ల మీద ఒక్కో గడిలోని గింజలు, రెండూ ఒకటే వరస. సెకనుకో కదలిక చొప్పున చేసినా సుమారు 58,454 కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు.

కంప్యూటర్లలో ఈ సంఖ్య మాటిమాటికీ ఎందుకు కనిపిస్తుంది?

కంప్యూటర్లో 0 గానీ 1 గానీ పట్టే ఒక్క చోటును బిట్ అంటారు. 64 బిట్ల స్థలంలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. ఒక్కో బిట్ ఒక్కో గడి లాంటిది, దాని విలువ ఆ గడిలోని గింజలంత. అన్ని బిట్లూ 1 అయితే మొత్తం బల్ల నిండినట్టే. 16 ఆధారంగా రాసే పద్ధతిలో ఇది వరసగా పదహారు ఎఫ్‌లు. 8 ఆధారంగా రాస్తే ఒక 1, ఆపైన ఇరవై ఒక్క 7లు.

రుణ సంఖ్యలకు కూడా చోటివ్వాలంటే ఒక బిట్ గుర్తుకు పోతుంది, అప్పుడు పరిమితి 92,23,37,20,36,85,47,75,807కు దిగుతుంది.

ప్రోగ్రామర్లు లాగ్ ఫైళ్ళలో (ప్రోగ్రామ్ తన పనిని నమోదు చేసే చిట్టాల్లో) ఈ సంఖ్య చూడగానే టెన్షన్ పడతారు. సి భాషలో గుర్తు లేని 64 బిట్ల సంఖ్యకు 0 నుంచి 1 తీసేస్తే వచ్చేది ఇదే, రీడింగు మీటరు వెనక్కి తిరిగినట్టు. కాబట్టి ఫైలు సైజో, మిగిలిన వస్తువుల లెక్కో 18446744073709551615 అని కనిపించిందంటే, చాలాసార్లు ఎక్కడో సున్నా నుంచి ఒకటి తీసేశారని, లేదా −1ని గుర్తు లేని సంఖ్యగా చదివారని అర్థం. అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టండి.

ఎక్సెల్‌లో టైప్ చేస్తే చివరి అంకెలు సున్నాలైపోతున్నాయి, ఎందుకు?

ఎక్సెల్ 15 అంకెల దాకానే దాచుకుంటుంది. ఆపైన అన్నీ సున్నాలు. జావాస్క్రిప్ట్‌లో మామూలుగా రాస్తే 18446744073709552000 అని చూపిస్తుంది. ఆ భాషలోని మామూలు సంఖ్యలు 2⁵³ దాటాక పక్కపక్క పూర్ణాంకాలను విడివిడిగా పట్టుకోలేవు. అసలు అంకెలన్నీ కావాలంటే పైథాన్‌లో 2**64 - 1 అని కొట్టండి, అది పూర్ణాంకాలను ఎంత పెద్దవైనా ఉన్నవున్నట్టు ఉంచుతుంది.

2038 సమస్యకు ఇదే పరిష్కారమంటారు, ఎలా?

చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను లెక్కపెడతాయి. పాత పద్ధతిలో ఆ లెక్కకు 32 బిట్లు, అందులో ఒకటి గుర్తుకు. అది 2,14,74,83,647 దగ్గర నిండిపోతుంది. మన గడియారంలో అది 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. 64 బిట్లకు మారితే గుర్తుకు ఒక బిట్ పోయినా 29 వేల కోట్ల సంవత్సరాల పైన సరిపోతుంది.

యాదృచ్ఛికంగా 64 బిట్ల నంబర్లు ఇస్తే రెండు ఒకటే వచ్చే ప్రమాదం ఉండదు కదా?

ఉంటుంది, అనుకున్నదానికన్నా చాలా ముందే. గదిలో 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించుతుంది. అదే సూత్రం ఇక్కడా. సుమారు 506 కోట్ల నంబర్లు ఇచ్చేసరికి ఎక్కడో ఒక జత కలిసే అవకాశం సగానికి చేరుతుంది. అంటే ప్రమాదం మొదలయ్యేది బల్ల నిండినప్పుడు కాదు, ఇంచుమించు సగం బల్ల దగ్గరే. పెద్ద వ్యవస్థలు 128 బిట్ల గుర్తింపు నంబర్లు వాడేది అందుకే.

ఇందులో 2 అనే అంకె లేదు, గమనించారా?

అవును, 0 నుంచి 9 దాకా అన్నీ ఉన్నాయి, 2 ఒక్కటే లేదు. 4 నాలుగుసార్లు ఉంది. మొత్తం రెట్టింపులతోనే పుట్టిన సంఖ్యలో 2 లేకపోవడం సరదాగా ఉంటుంది, అయితే దీని వెనక సిద్ధాంతం ఏమీ లేదు. దశాంశ పద్ధతి మనం ఎంచుకున్నది కాబట్టి అలా పడింది.

2¹²⁸ − 1 సంగతేంటి?

దానికి 39 అంకెలు: 340282366920938463463374607431768211455. మన సంఖ్యను 2⁶⁴ + 1తో గుణిస్తే వస్తుంది. ఆ 2⁶⁴ + 1 ఏడో ఫెర్మా సంఖ్య, అది 274177 × 67280421310721. ఈ ముక్కల్ని 1880లో ఫ్రాన్సుకు చెందిన లాంద్రీ ఎనభై దాటిన వయసులో ప్రకటించాడు. ఎనిమిదో ఫెర్మా సంఖ్య అయిన 2¹²⁸ + 1 కారణాంకాలు 1970లో గానీ దొరకలేదు, అదీ కంప్యూటర్ సాయంతో. పన్నెండో ఫెర్మా సంఖ్య దాకా పూర్తిగా విడగొట్టగలిగారు. ఆ తర్వాతివాటిలో కొన్ని ప్రధానాలు కావని తెలిసినా ఒక్క కారణాంకం కూడా చేతికి రాలేదు. 65537 తర్వాత ఇంకో ఫెర్మా ప్రధానం ఉందా అన్న ప్రశ్న 1732 నుంచి ఇప్పటికీ తెగలేదు.